లోతు మంచుకు స్నోషూ కొనేముందు బూటు సంగతి చూసుకోండి

స్నోషూ అంటే లోతు మంచులో కూరుకుపోకుండా బూటు కింద కట్టుకునే వెడల్పాటి చట్రం. ఎవరైనా "చెక్క స్నోషూలు కొందామనుకుంటున్నాను, ఏవి మంచివి?" అని అడిగితే నేను ఎదురు అడిగేది ఒక్కటే. కాలికి ఏ బూటు వేసుకుంటారు? వంచిన చెక్క ఫ్రేమూ తోలు అల్లికా వార్నిష్ మెరుపూ చూసి మనసు పారేసుకున్నవాళ్లకు బూటు సంగతి తర్వాత చూసుకోవచ్చులే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. అది తప్పని ఒక సరస్సు నడిమధ్యన తెలిసింది.

కెనడాలో, సుపీరియర్ సరస్సుకు ఉత్తరాన ఉన్న ఒంటారియో అడవుల్లో చెట్లు కొలిచే పని నాది. వేసవిలో అడుగు దిగబడే చిత్తడి నేలలు చలికాలంలో గడ్డకడతాయి కాబట్టి కొన్ని చోట్లకు అప్పుడే వెళ్లగలం. ఫిబ్రవరి వచ్చేసరికి స్ప్రూస్ చెట్ల మధ్య మంచు తొడల దాకా ఉంటుంది. గుప్పిట్లోకి తీసుకుని ఎంత నొక్కినా ఉండ కట్టని పొడి మంచు. అందులో ఉత్త బూట్లతో వంద గజాలు నడిస్తే చాలు, చెమటకు లోపలి చొక్కా తడిసిపోతుంది. సున్నాకు 25 డిగ్రీల దిగువన చెమట పట్టడం చలి కంటే ప్రమాదం.

మొదటి చలికాలం ఒక దుకాణంలో హ్యూరాన్ రకం జత కొన్నాను. కన్నీటి చుక్కలా ముందు వెడల్పుగా, వెనక సన్నటి తోకతో ఉండే రకం. వాటి మీదికి గట్టి అడుగు, ఎత్తు మడమ ఉన్న చలికాలపు బూట్లు వేసుకున్నాను. నాలుగో రోజు సరస్సు దాటుతుంటే కుడి మడమ కింద ఏదో పుటుక్కుమంది. బూటు మడమ అంచు రోజూ ఒకే చోట రాసుకుని తోలు పోగును కోసేసింది. ఆ అల్లిక పొడవైన తోలు తాడుతో అల్లింది. ఒక్క చోట తెగితే చుట్టుపక్కల అంతా వదులవుతుంది, నులక తెగిన మంచంలాగే. ఇంకో పది అడుగులు వేసేసరికి మడమ పూర్తిగా కిందికి దిగిపోయింది. సంచిలో నైలాన్ తాడు ఉండబట్టి, చేతులు కొంకర్లు పోతున్నా అడ్డదిడ్డంగా అల్లి కట్టుకుని, చీకటిపడ్డాక ఒడ్డు చేరాను.

ఎందుకలా అయిందో లెక్క చూడండి. స్నోషూ మీద మడమను కట్టరు. అడుగు వేసినప్పుడల్లా అది పైకి లేచి మళ్లీ అదే అల్లిక మీద పడుతుంది. అడుగు 60 సెంటీమీటర్లనుకుంటే 5 కిలోమీటర్లకు 8 వేల పైచిలుకు అడుగులు, అంటే ఒక్కో మడమ 4 వేల సార్లు అదే చోట దిగుతుంది. ఇలాంటి చెక్క స్నోషూలను తరతరాలుగా తయారుచేసుకున్న కెనడా మూలవాసులు, అంటే అనిషినాబె, క్రీ, ఇన్ను ప్రజలు, తొడుక్కున్నది మెత్తటి తోలు పాదరక్షలు. స్నోషూ, దాన్ని కట్టే పట్టీ, పాదరక్ష మూడూ ఒకదాని కోసం ఒకటి పుట్టినవి. ఒకదాన్ని మారిస్తే మిగతా రెండూ దానికి తగ్గట్టు మారాలి.

అందుకే బూటుతో మొదలుపెడతాను. పొడి చలిలో, అంటే సున్నాకు 10 డిగ్రీల దిగువన, మక్లక్‌లు అనే మెత్తటి తోలు బూట్లకు సాటి లేదు. ఈ మాట అలాస్కా మూలవాసుల యుపిక్ భాషలో ఒక రకం సీల్ అనే సముద్ర జంతువు పేరు నుంచి వచ్చింది, ఎందుకంటే ఆ తోలుతో చేసేవారు. మా అడవుల్లో మూస్ అనే పెద్ద దుప్పి తోలుతో చేస్తారు. పొగబెట్టి పదును చేసిన తోలైతే తడిసి ఆరినా మళ్లీ మెత్తగానే ఉంటుంది. కింద తోలు, పైన పిక్కల దాకా కాన్వాస్ గుడ్డ, లోపల లైనర్, అంటే ఉన్నిని దట్టంగా అణిచి చేసిన ఫెల్ట్ తొడుగు, అడుగున మరో ఫెల్ట్ అట్ట. మడమ ఎత్తు ఉండదు, అడుగు బల్లపరుపుగా ఉండి పాదంతో పాటు వంగుతుంది. అల్లికను కోయడానికి అంచే లేదు. చెమట ఆవిరి కాన్వాస్‌లోంచి బయటికి పోయి గుడ్డ మీద తెల్లటి నూగులా గడ్డకడుతుంది. సాయంత్రం దాన్ని దులిపేస్తే చాలు. గట్టి బూట్లలో రోజంతా మొద్దుబారిపోయే నా వేళ్లు మక్లక్‌లలో వెచ్చగా ఉన్నాయంటే కారణం లోపలి ఉన్ని ఒక్కటే కాదు. పాదం అడుగడుగునా వంగుతుంటే రక్తం ఆడుతుంది.

సైజు దగ్గరే చాలామంది పొరబడతారు. వేళ్లు లోపల ఆడాలి. మందపాటి ఉన్ని మేజోళ్లు, లైనర్, అట్ట అన్నీ వేసుకుని, నిలబడి, వేళ్లు ముడిచి విప్పి చూడండి. ఎక్కడైనా ఒరుసుకుంటే పెద్ద సైజు తీసుకోండి. బిగువు బూటులో మరో జత మేజోళ్లు కూరితే వెచ్చదనం పెరగదు, రక్తం ఆగి చలి పెరుగుతుంది. లైనర్లు రెండు జతలు ఉండాలి. ఒకటి వేసుకుంటే ఇంకోటి ఆరుతుంది.

మక్లక్ ఓడిపోయే చోటు నీళ్లు. మంచు కరిగే రోజుల్లో అది స్పాంజిలా పీల్చుకుంటుంది. ఇంకో గండం సరస్సుల మీద ఉంటుంది. మంచు బరువుకు కింది ఐసు కుంగి, పగుళ్లలోంచి నీరు పైకి వచ్చి, పైనున్న మంచు దుప్పటి కింద గడ్డకట్టకుండా దాక్కుంటుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, అడుగు పడ్డాకే బురదమంచు. అలాంటి రోజుల కోసం రబ్బరు అడుగు, తోలు పైభాగం, లోపల ఫెల్ట్ లైనర్ ఉన్న ప్యాక్ బూట్లు దగ్గర పెట్టుకోవాలి. వాటిలో చెమట బయటికి పోదు, లైనర్ రోజూ తీసి ఆరబెట్టాలి. కొనేటప్పుడు మడమ చూడండి. అరచేత్తో అంచు తడిమితే గుండ్రంగా తగలాలి, కోసుగా తగిలితే వద్దు. అడుగున లోతైన గాడులున్న పర్వతారోహణ బూట్లు చెక్క స్నోషూకు అసలు పనికిరావు. అవే మీ దగ్గరున్న బూట్లయితే, నా మాట విని అల్యూమినియం ఫ్రేముల వైపు వెళ్లండి. పాపం, తోలు అల్లికను బలిచేయొద్దు.

బూటు కుదిరాక బైండింగ్. కాలినీ స్నోషూనీ కలిపే పట్టీ ఇది. నాకు బాగా నచ్చింది లాంతరు వత్తి. అవును, లాంతర్లో వేసే నూలు వత్తిలాంటిదే. అంగుళం పైచిలుకు వెడల్పున్న, నవారులా నేసిన మెత్తటి పట్టీ. పెద్దగా సాగదు, గడ్డకట్టినా కాస్త నలిపితే మళ్లీ వంగుతుంది, బకిల్ అనేదే లేదు. ఒక్కో కాలికి దాదాపు 2 మీటర్లు కావాలి.

కట్టడం నాకు నేర్పింది చాలా ఏళ్లు ఉచ్చులు వేసి బతికిన ఒక అనిషినాబె పెద్దావిడ. ముందు స్నోషూ మీది రెండు చోట్లు చూపించింది. ముందు అడ్డకర్రకు వెనక అల్లికలో వదిలిన ఖాళీ ఒకటి, వేళ్ల కన్నం అంటాను నేను. దాని వెనక అంచున అడ్డంగా పోయే లావుపాటి తాడు రెండోది. మన బరువంతా మోసేది ఆ తాడే. మునివేళ్ల మీద నిలబడితే పాదంలో నేలకు ఏ భాగం ఆనుతుందో, ఆ భాగం సరిగ్గా ఈ తాడు మీద ఉండాలి. ఆవిడ వత్తి నడిమి భాగాన్ని నా వేళ్ల మీదుగా అడ్డంగా వేసింది. రెండు కొసల్నీ కన్నానికి అటూ ఇటూ ఉన్న అల్లికలోంచి కిందికి దింపి, లావు తాడు కిందుగా తెచ్చి మళ్లీ పైకి లాగింది. ఆ కొసల్ని వేళ్ల మీది పట్టీలో ఒకసారి దూర్చి మెలిపెట్టి, మడమ వెనక్కి తిప్పి ముడి వేసింది. వేళ్ల మీద పట్టీ వదులుగా ఉండాలి, మడమ వెనకది బిగువుగా ఉండాలి. తిరగేసి కడితే వేళ్లకు రక్తం ఆగుతుంది, మడమ జారుతుంది.

ఆ ముడి ఒకసారి కుదిరితే మళ్లీ విప్పే పని లేదు. మడమను పక్కకు తిప్పి పాదాన్ని బయటికి లాగేయొచ్చు, అలాగే తిప్పి దూర్చుకోవచ్చు. చేతి తొడుగు తీయక్కర్లేదు. సున్నాకు 30 డిగ్రీల దిగువన, గాలిలో, బకిల్ కోసం వట్టి వేళ్లతో తడుముకున్నవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. ఇదంతా మెత్తటి పాదరక్షతోనే సాధ్యం, ప్యాక్ బూటు అలా తిరగదు.

ప్యాక్ బూట్లకు తోలు హార్నెస్‌లు దొరుకుతాయి. బాగానే పట్టుకుంటాయి కానీ తోలు తడిస్తే సాగుతుంది, గడ్డకడితే కర్రవుతుంది, బకిల్‌లో మంచు కూరుకుపోతుంది. నేనైతే ట్యూబు రబ్బరుతో కోసి చేసిన పట్టీ వైపే మొగ్గుతాను. చూపుకు అందంగా ఉండదు, తడిసినా వదులవదు, లాగి తొడుక్కుంటే అయిపోతుంది. ఏ బైండింగ్ అయినా ఒక్క పరీక్ష పెట్టండి. కట్టుకుని నిలబడి మడమ ఎత్తండి. వేళ్లు కన్నంలోంచి కిందికి దిగాలి, ముందు అడ్డకర్రకు తగలకూడదు. నేనైతే మధ్యలో రెండు వేళ్ల సందు వదులుతాను. పాదం ముందుకు జరిగితే ప్రతి అడుగుకూ వేళ్లు కర్రకు కొట్టుకుంటాయి. మరీ వెనక్కి జరిగితే వేళ్లు కన్నంలోకి దిగక అల్లికకే తన్నుకుని, స్నోషూ మొత్తాన్ని లేపాల్సి వస్తుంది. కన్నం వెడల్పు మీ బూటుకు చాలకపోతే ఇవేవీ కుదరవు. అందుకే దుకాణానికి బూట్లు తీసుకుని వెళ్లండి. వెడల్పాటి ప్యాక్ బూటు చాలా కన్నాల్లో ఇరుక్కుంటుంది.

పాదం సరిగ్గా కుదిరితే స్నోషూ వెనక భాగం కొంచెం బరువుగా ఉండాలి. కాలు ఎత్తగానే తోక కిందికి వాలుతుంది, ముక్కు పైకి లేస్తుంది. మీరు మోసేది మొత్తం బరువు కాదు, తోక మంచు మీద జారుతూ వస్తుంది, దారి కూడా తిన్నగా పడుతుంది. ఇది కుదరక, లేదా బరువు ఎక్కువై కాలెత్తి ఎత్తి నడిస్తే కాలి ముందు భాగంలో, పిక్కల్లో నరాలు పట్టేస్తాయి. బొచ్చు వ్యాపారపు రోజుల్లో ఫ్రెంచి వాళ్లు దీన్ని 'మాల్ ద్ రాకెట్' అనేవారు, స్నోషూ నొప్పి అని. ఆ నొప్పితో నేను రెండు రోజులు డేరాలోనే పడుకున్నాను.

ఇక ఆకారం. దట్టమైన పొదల్లో, పడిపోయిన చెట్ల మధ్య అటూ ఇటూ తిరగాలంటే బేర్‌పా అనే పొట్టి గుండ్రటి రకం. తోక లేదు కాబట్టి ఉన్న చోటే తిరగొచ్చు. కానీ సాధారణంగా ముక్కు పైకి లేవదు, లోతు పొడి మంచులో, ముఖ్యంగా దిగుడులో, ముందు అంచు గుచ్చుకుంటుంది. ఆరుబయట పరుచుకున్న సరస్సులకు, నదులకు అలాస్కా రకం. పొడవుగా, సన్నగా, ముక్కు బాగా ఎత్తుగా ఉంటుంది. హ్యూరాన్ రకం ఈ రెంటికీ మధ్యన నిలుస్తుంది. క్యూబెక్ నగరం దగ్గర వెండాకెలో మూలవాసులైన హ్యూరాన్ వెండాట్ ప్రజల చేతుల్లో ఇది పెద్ద పరిశ్రమగా పెరిగింది.

నేను రోజూ వేసుకునేది ఓజిబ్వే రకం. అనిషినాబె ప్రజల్లో ఒక శాఖ ఓజిబ్వేలు. ముందూ వెనకా రెండు కొసలూ మొనదేలి, ముక్కు పైకి వంగి, పడవలా ఉంటుంది. ఫ్రేము ఒకే కర్రను చుట్టి వంచింది కాదు, రెండు కర్రల్ని రెండు కొసల దగ్గర కలిపింది. కర్రను U ఆకారంలో గట్టిగా వంచే పని లేదు కాబట్టి బలం పోదు. మొనదేలిన ముక్కు మంచునీ చిన్న కొమ్మల్నీ చీల్చుకుంటూ పోతుంది. ఓజిబ్వే భాషలో స్నోషూను 'ఆగిమ్' అంటారు. తెల్ల యాష్ చెట్టును 'ఆగిమాక్' అంటారు, స్నోషూ కలప అన్నమాట. ఏ కలపతో చేయాలో చెట్టు పేరులోనే ఉంది. యాష్ దొరకని ఉత్తరాన బర్చ్, టమరాక్ వాడతారు.

సైజు లెక్కకు మీ ఒంటి బరువు ఒక్కటే చాలదు. బట్టలు, బూట్లు, సంచి అన్నీ కలపండి. నేను 62 కిలోలు, పనికి బయలుదేరేసరికి 80 అవుతాను. నాకు 11 అంగుళాల వెడల్పు, 54 అంగుళాల పొడవు సరిపోతుంది. అన్నీ కలిపి 100 కిలోలు తూగేవాళ్లు 12 బై 60 చూసుకోవాలి. 70 లోపువాళ్లకు 10 బై 48 చాలు. బూటు అడుగు విస్తీర్ణం సుమారు 300 చదరపు సెంటీమీటర్లయితే 12 బై 60 జతలో ఒక్కోదాని విస్తీర్ణం దాదాపు 3 వేలు. పది రెట్లన్నమాట. అయినా మంచు మీద తేలిపోతామని అనుకోకండి. కొత్తగా పడ్డ పొడి మంచులో ఎంత పెద్ద స్నోషూ అయినా జానెడు దిగుతుంది. అది మామూలే. తొడల దాకా దిగకపోవడమే దాని పని. అలా అని అవసరానికి మించి పెద్దది కొంటే అదనపు బరువు కాళ్లే మోస్తాయి. వెడల్పు మరీ ఎక్కువైతే కాళ్లు ఎడంగా పెట్టి నడవాల్సి వచ్చి తుంటి నొప్పి పుడుతుంది. సరైన జతతో కాళ్లు ఎడం చేయనక్కర్లేదు, ఒకదాని వెడల్పాటి భాగం పక్కనుంచి రెండోదాని సన్నటి భాగం సాగిపోతుంది.

ఒకరు వేసిన దారిలోనే నడిచేవాళ్లు ఒక సైజు తగ్గించుకోవచ్చు. తొక్కిన మంచు రాత్రంతా అలా వదిలేస్తే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. సామాను ఎక్కువున్నప్పుడు మేం ముందు రోజు సాయంత్రం దారి తొక్కి వచ్చి, తెల్లారి దాని మీద స్లెడ్జి, అంటే మంచు మీద జారే బండి, లాగుతాం. తెల్లారేసరికి ఆ దారి పలకలా ఉంటుంది.

జత చేతిలోకి తీసుకున్నాక ముందు కర్ర చూడండి. చార వంపు వెంబడి ముక్కు దాకా తెగకుండా సాగాలి. చార అంచులోంచి పక్కకు వెళ్లిపోతే అక్కడే విరుగుతుంది. కర్రలో ముడి ఉంటే ఆ జత పక్కన పెట్టేయండి. రెండింటినీ అడుగు అడుగుకూ ఆనించి పట్టుకుని ముక్కుల వంపు ఒకటేనా చూడండి, రెండు చేతుల్లో తూచి చూడండి. పచ్చి తోలు అల్లిక మీద వేలితో మీటితే డప్పులా టంగుమనాలి. ముందూ వెనకా అల్లిక సన్నగా, దగ్గరగా ఉండాలి. పొడి మంచు పెద్ద కన్నాల్లోంచి జారిపోతుంది. పాదం కింద మాత్రం లావు తోలు కావాలి. పాత జతలైతే వేళ్ల కన్నం చుట్టూ, ఆ లావు తాడు కింది వైపు, తిరగేసి చూడాలి. అరుగుదల అక్కడే మొదలవుతుంది. గోడకు తగిలించడానికి చేసిన అలంకారపు జతలు కూడా అమ్ముతారు. పలచటి తోలు, మేకులతో కొట్టిన అడ్డకర్రలు కనిపిస్తే అవి నడవడానికి కాదు.

నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు అల్లిక ఉన్న చెక్క స్నోషూలూ ఉన్నాయి. తడిసినా సాగదు, ఎలుకలు కొరకవు. మార్చి చివర్లో తడిమంచులో పని చేయాల్సి వస్తే నేను అవే తీసుకెళ్తాను. పచ్చి తోలు తడిలో సాగి, పాత నులక మంచంలా లోతు పడుతుంది. జనవరి చలిలో మాత్రం పచ్చి తోలుకే నా ఓటు. పొడి మంచు మీద దాని సన్నటి అల్లిక ఇచ్చే ఆసరా వేరు.

చెక్క ఫ్రేముకు ఒక్క ప్రాణాంతకమైన తప్పు ఉంది. ముక్కు ఒక దుంగ మీద, తోక ఇంకో దుంగ మీద పెట్టి మధ్యలో ఆసరా లేకుండా బరువు వేయడం. వంతెనలా నిలబడి ఫట్‌మని విరుగుతుంది. దుంగ మీద పాదం కింది భాగమే పడేలా అడుగు వేయండి, లేదా చుట్టూ తిరిగి వెళ్లండి. గట్టిపడ్డ నిటారు వాలుల మీద వీటికి గోళ్లు లేవు, జారతాయి. బురదమంచులో దిగితే వెంటనే ఆగి కర్రతో కొట్టి దులపండి. పది నిమిషాలు ఆలస్యం చేస్తే అది ఐసై ఒక్కో కాలికీ రాయి కట్టినట్టు అవుతుంది.

రాత్రి డేరాలోకి తెచ్చి పొయ్యి పక్కన పెట్టకండి. పచ్చి తోలు వేడికి ముడుచుకుని పెళుసు అవుతుంది. ఒక రాత్రి అలసటలో నా మక్లక్‌లను పొయ్యి గొట్టానికి జానెడు దూరంలో వేలాడదీశాను. తెల్లారేసరికి కుడిదాని వేళ్ల భాగం అప్పడంలా గట్టిపడి ఉంది, మడత పెట్టగానే పగిలింది. స్నోషూలు బయటే మంచులో నిలువునా గుచ్చండి, లైనర్లను మాత్రం గుడారం పైకప్పు దగ్గర, నిమిషంసేపు చెయ్యి పెట్టినా కాలని ఎత్తులో ఆరేయండి.

వసంతంలో కాలం ముగిశాక గది చల్లదనంలో వారం రోజులు ఆరనిచ్చి, అల్లిక పొడిపొడిగా అయ్యాక పడవలకు వేసే వార్నిష్ పలచగా రెండు పూతలు వేస్తాను. కన్నం చుట్టూ, మడమ కింద మూడోది. వత్తి పట్టీలు విప్పి ఉతికి, అరిగిన చోటు చూసి, అవసరమైతే కొత్తవి కోసి పెట్టుకుంటాను. తర్వాత సన్నటి ఇనప తీగతో దూలానికి వేలాడదీస్తాను. తాడైతే ఎలుకలు దాని మీదుగా దిగి వస్తాయి. పచ్చి తోలంటే వాటికి ప్రాణం, ఉడతలకూ ముళ్లపందులకూ కుక్కలకూ కూడా.